మా నాయన నిలబడిన మూడు రౌండ్లు

మా ఊరి గ్రౌండు మూలన ఈమధ్యనే ఒక నల్లరాయి పాతారు. పాలిష్ పట్టిన రాయి. పైన ఒక జత బాక్సింగ్ గ్లౌజుల బొమ్మ, దాని కింద మా కేజీఎఫ్ బాక్సర్ పేరు, పేరు కింద ‘మిడిల్ వెయిట్‌లో సాటిలేని వీరుడు’ అని కన్నడంలో ఒక వరుస. ఆ కింద రాయి పెట్టించిన కమిటీ వాళ్ల పేర్లు. వీరుడి పేరు చదవాలంటే కంచె దాటి దగ్గరికి పోవాలి. కమిటీ పేర్లయితే బస్సులో కూర్చున్నవాళ్లకు కూడా కనిపిస్తాయి.

ఆ ఒక్క వరుస రాయి మీదికి ఎలా ఎక్కిందో చెప్పాలని అప్పట్నుంచీ నా నోరు దురద పెడుతోంది. అది ఊరికే ఎక్కలేదు. దానికోసం మా ఇంట్లోంచి ఒకటి పోయింది.

బాక్సర్ బతికున్నన్నాళ్లు ఊరు ఆయన్ని పట్టించుకున్న పాపాన పోలేదు. గుడ్డసంచీ పట్టుకుని రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టుకు నడిచి పోయేవాడు, నడిచి వచ్చేవాడు. ఆటోవాళ్లు హారన్ కొట్టి పక్కకు జరగమనేవాళ్లు. పోయినేడు ఆయన కన్ను మూయగానే అందరికీ ఒక్కసారిగా జ్ఞాపకశక్తి వచ్చేసింది. సమాధుల తోటకు పోయే దారిలో కట్టిన ఫ్లెక్సీలో ఆయన ‘కేజీఎఫ్ ముద్దుబిడ్డ’. చర్చిలో జ్ఞాపకార్థ ప్రార్థన నాటికి ‘కోలారు జిల్లా పులి’ అయ్యాడు. మునిసిపల్ ఎలక్షన్లు వస్తున్నాయన్న పుకారు లేచాక ‘దక్షిణ భారత సింహం’ అయ్యాడు. ఇంకొన్నాళ్లు పోతే ఆసియా ఖండం కూడా ఆయనకు ఇరుకైపోతుందేమోనని నాకు భయం వేసింది.

ఆ ఫ్లెక్సీలు కొట్టేది మా ఊళ్లో ఒకాయన. షాపు ఆయనదే, స్మారక కమిటీకి అధ్యక్షుడూ ఆయనే, రేపు వార్డులో నిలబడబోయేదీ ఆయనే. బాక్సర్ రింగులో ఉన్న ఫొటో ఎక్కడా దొరక్కపోతే, ఆయన పని చేసిన బంగారు గని, అదే మైను, ఐడీ కార్డులో ఉన్న తలకాయను తీసి, ఇంటర్నెట్లో దొరికిన ఎవరి ఒంటికో అతికించాడు. ఒళ్లు మంచి కండలు తిరిగిన ఒళ్లే. కానీ మెడ దగ్గర రంగు మారింది. బాక్సర్ భార్య ఆ ఫ్లెక్సీ కింద నిలబడి చాలాసేపు పైకి చూసింది. ఆమెను మేమందరం ఆంటీ అంటాం. అటుగా పోతున్న నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగింది.

“తల ఆయనదే. మిగిలిందంతా ఎవురిదమ్మా?”

ఇంక నా సంగతి. మాలూరులో ఒక బట్టల ఫ్యాక్టరీలో నేను క్వాలిటీ చూస్తాను. చొక్కా తిప్పి చూసి పాస్ అనో రిజెక్ట్ అనో చెప్పడం నా పని. ఆ అలవాటు ఇంటికొచ్చినా పోదని మా ఆయన సణుగుతుంటాడు. ఆయన్ను నిజానికి ఎప్పుడో రిజెక్ట్ చేయాల్సింది. చూసీ చూడనట్టు పాస్ చేశాను.

అయితే ఊళ్లో నాకు గుర్తింపు ఆ ఉద్యోగం వల్ల రాలేదు. నేను ‘మూడు రౌండ్లాయన కూతుర్ని’. మా నాయన మైన్లో అండర్‌గ్రౌండ్ పని చేసినవాడు. అప్పట్లో క్రిస్మస్‌కు ముందు షాఫ్టుకూ షాఫ్టుకూ మధ్య, అంటే ఒక్కో గని బావి పనివాళ్ల మధ్య, బాక్సింగ్ పోటీలు జరిగేవి. కుర్రతనంలో మా నాయన ఆ పోటీల్లో ఒకే ఒక్కసారి, ఆ బాక్సర్ ఎదురుగా రింగులోకి దిగాడు. ఓడిపోయాడు. కానీ పడిపోలేదు. మా ఊరి రింగులో ఆ బాక్సర్ ముందుకు పోయిన మిగతావాళ్లందరూ మొదటి రౌండులోనో, మహా అయితే రెండో రౌండులోనో నేల కరిచినవాళ్లే. మూడు రౌండ్లూ తన కాళ్ల మీద తాను నిలబడి, పాయింట్ల మీద ఓడి, నడుచుకుంటూ ఇంటికి వచ్చింది మా నాయన ఒక్కడే.

దాని విలువ బయటివాళ్లకు తెలీదు. మైను మూసేశాక మా కాలనీలో ఒకరికి బంగారపేటలో ఇంటి సైటు మిగిలింది, ఒకరికి దుమ్ము పట్టిన ఊపిరితిత్తులు మిగిలాయి. మాకు మూడు రౌండ్లు మిగిలాయి. పెళ్లిచూపులకని ముళబాగిలు నుంచి వచ్చిన మా మామ, పిల్ల నలుపని మొహం చిట్లించి కాఫీ కూడా సగమే తాగినవాడు, మా నాయన ఫలానా అని తెలియగానే లేచి చేయి కలిపాడు. మాలూరు ఫ్యాక్టరీలో నన్ను ఇంటర్వ్యూ చేసిన సూపర్‌వైజరు కేజీఎఫ్ మనిషే. కుట్టు గురించి ఒక్క ముక్క అడగలేదు. మీ నాయన ఆయన దెబ్బల్ని ఎడమ చేత్తో ఎట్ల కాచుకున్నాడు అని అడిగాడు. నేను కుర్చీలోంచి లేచి, భుజం ముందుకు పెట్టి, గడ్డం దించి చూపించాను. ఉద్యోగం వచ్చింది.

ఆ ఎడమ చేయి భంగిమ నాకు ఎవరు నేర్పారంటే చెప్పలేను. మా నాయన మాత్రం నేర్పలేదు. ఎవరన్నా ఆ పోటీ గురించి అడిగితే “ఏమో అప్పా, నిలబడుకున్నా” అని లేచి పోయేవాడు. మేము దాన్ని వినయం అనుకున్నాం. వినయం ఆయనకు బాగా నప్పింది కూడా.

రాయి పెట్టాలని కమిటీ తీర్మానించాక అసలు గొడవ మొదలైంది. రాయి మీద ఏం రాయాలి? అధ్యక్షుడు తన ఫ్లెక్సీల మాదిరిగానే ‘ప్రపంచ’ అన్న మాటతో మొదలుపెట్టాలన్నాడు. రాయిచెక్కేవాడు అక్షరానికింత అని చెప్పగానే ‘ప్రపంచ’ ఎగిరిపోయింది. చివరికి ‘మిడిల్ వెయిట్‌లో సాటిలేని వీరుడు’ అన్నది నిలిచింది. దాని మీద చర్చ పొద్దున మారికుప్పం నుంచి బెంగళూరు పోయే రైల్లో, మా పెట్టెలో నడిచింది. కమిటీలో సగం మంది ఆ పెట్టెలోనే కూర్చుంటారు. మిగతా సగం నిలబడతారు.

మా పెట్టెలో ఒక లెక్కల లెక్చరర్ ఉన్నాడు. రిటైరైనా బెంగళూరులో ఒక కోచింగ్ సెంటర్‌కు పోయి వస్తుంటాడు. జన్మలో ఒక గుద్దు వేసినవాడు కాదు, తిన్నవాడు కాదు. కానీ ఫోన్లో ప్రపంచంలోని బాక్సింగ్ అంతా చూసేశాడు. ఎవరేం చెప్పినా ఆయన అడిగేది ఒకటే మాట.

“డేటా యాడ ఉండాది?”

డేటా మా ఊళ్లో ఎక్కడుంటుంది? ఒకాయన వాళ్ల చిన్నాయన కళ్లారా చూశాడన్నాడు. ఇంకొకాయన, బాక్సర్ గాల్లో గుద్దితే ఎదురుగా ఉన్న లాంతరు ఆరిపోయేదన్నాడు. లెక్చరర్ ఇద్దర్నీ జాలిగా చూశాడు. తర్వాత తన వాదన మొదలుపెట్టాడు.

“మిడిల్ వెయిట్ అంటిరి. ఆ బరువుండే మనిషి అప్పుడు కేజీఎఫ్‌లో యాడుండినాడప్పా? అండర్‌గ్రౌండ్ దిగేటోళ్లందరూ ఎముకల గూళ్లు. ఆ తూకం తూగేది స్టోర్సులో కూర్చొని పని చేసే ఈ బాక్సరొకడు, మటన్ అంగడాయన ఒకడు, చర్చి ఫాదర్ ఒకడు. ఫాదర్ కొట్టడు. మటన్ అంగడాయన అంగడి ఇడిసి రాడు. ఇంగ మిగిలిందెవురు? ఒక్కడే రాసిన పరీక్షలో ఒక్కడే ఫస్టు వచ్చినాడంటే దానికి రాయి పెడతారా?”

పెట్టె రెండుగా చీలిపోయింది. కానీ ఆయన అన్న మాట మీద కాదు. మటన్ అంగడాయన రింగులోకి దిగి ఉంటే ఎవరు గెలిచేవాళ్లు అన్నదాని మీద. ఆ చర్చ బంగారపేట దాటాక కూడా తెగలేదు. పేకాట ఆడేవాళ్లు ముక్కలు బోర్లించి మరీ మటన్ అంగడాయన వైపు నిలిచారు. ఆయన కత్తి పట్టిన చేయట, ఆ చేతికి ఎదురు లేదట.

“బెంగుళూరు పోయి కప్పులు తెచ్చినాడు గద సార్, అక్కడ కూడా ఒక్కడే రాసినాడా పరీక్ష?” అని నేను కల్పించుకున్నాను. నా నోరు ఊరుకోదు.

లెక్చరర్ నా వైపు తిరిగాడు. నేనెప్పుడు నోరు తెరుస్తానా అని కాచుకుని ఉన్నట్టున్నాడు.

“నువ్వే చెప్పమ్మా. మీ నాయన తూకం ఎంత? గాలి జాస్తిగా వీస్తే తూలే మనిషి. అట్లాంటి మనిషిని మూడు రౌండ్లలో పడేయలేనోడు సాటిలేని వీరుడెట్లయ్యేది?”

పెట్టెలో అందరూ నన్నే చూస్తున్నారు. ఆ మాటలో మొదటి సగం తిట్టు, రెండో సగం పొగడ్త. దేనికి కోపం తెచ్చుకోవాలో, దేనికి మురిసిపోవాలో తేలలేదు.

“మా నాయన అంత గట్టోడు కాబట్టి నిలబడినాడు.”

“అట్లయితే గొప్పోడు మీ నాయన. ఆయన కాదు.”

“ఆయనా గొప్పోడే.”

“రెండూ కుదరవమ్మా. ఆయన సాటిలేనోడైతే మీ నాయన పడిపోయుండాల. మీ నాయన నిలబడినాడంటే ఆయనకు సాటి ఉన్నట్టే. ఇది లెక్క.”

మాలూరు వచ్చేసింది. దిగిపోవాల్సి వచ్చింది. లేకపోతే లెక్కల పుస్తకాన్నీ ఆయన్నీ కలిపి కిటికీలోంచి బయట పడేసి ఉండేదాన్ని. ఆ రోజు నా బల్ల మీదికి వచ్చిన చొక్కాలు చాలావరకు రిజెక్ట్ అయ్యాయి. ఒక దానికి కారణం అడిగితే కాలర్ పొగరుగా ఉందని చెప్పానట. నాకు గుర్తులేదు.

సాయంత్రానికి కోపం చల్లారింది. చల్లారాక దాని అడుగున ఒక ఆశ తేలింది. లెక్చరర్ లెక్క ప్రకారం చూస్తే గొప్పోడు మా నాయనే కదా? మరి రాయి మీద ఒక మూలన, చిన్న అక్షరాల్లోనైనా, మా నాయన పేరెందుకు ఉండకూడదు? ఇంటికి చేరేసరికి ఆ మూల ఎక్కడో కూడా ఖాయం చేసుకున్నాను. గ్లౌజుల బొమ్మకు కుడివైపు.

మా నాయన చాప మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నాడు. రైల్లో జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పాను. మటన్ అంగడాయన దగ్గర నవ్వాడు. లెక్చరర్ మాట దగ్గర ఆయన చేతులు ఆగిపోయాయి.

“అంటే, నేను నిలబడినానని ఆయన తగ్గిపోయినాడా?”

“తగ్గితే తగ్గనీ నాయనా. నువ్వు పెరిగినావు గదా.”

ఆయన చేతిలో ఉన్న కాయను ఒలవకుండానే గింజల్లో వేసి లేచి, బయట అరుగు మీద కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. ఒకరోజు నేను ఫ్యాక్టరీకి బయల్దేరుతుంటే అడిగాడు.

“కమిటీ మీటింగు ఎప్పుడమ్మా?”

“ఆదివారం. చర్చి వదిలినాక.”

“నేనూ వస్తా.”

నా సంతోషం చూడాలి. ఇన్నేళ్ల తర్వాత మా నాయన తన నోటితో తన మూడు రౌండ్లు చెప్పుకోబోతున్నాడు. తెల్లచొక్కాకు గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, కాలర్ నేనే రెండుసార్లు తిప్పి చూసి పాస్ చేశాను. మా ఆయన్ను కూడా రమ్మన్నాను, చప్పట్లు కొట్టడానికి మనిషి ఉండాలని.

మీటింగు పాత క్లబ్బు హాల్లో. రేకులు కారతాయి కాబట్టి ఎండాకాలం మాత్రమే మీటింగులు పెడతారు. వేదిక మీద అధ్యక్షుడు, ఆయనకు రెండు పక్కలా ఆయన మనుషులు. ముందు వరుసలో ఆంటీని కూర్చోబెట్టి భుజాల మీద శాలువా కప్పారు. ఆ ఎండకు ఆమె శాలువా తీసి మడిచి ఒళ్లో పెట్టుకుంటే, ఫొటో కోసం మళ్లీ కప్పారు. మేము వెనక వరుసలో కూర్చున్నాం.

అధ్యక్షుడు మాట్లాడాడు. బాక్సర్ గురించి మొదలుపెట్టి డ్రైనేజీ మీదికి పోయి అక్కడే ఆగిపోయాడు. తర్వాత లెక్చరర్ లేచి రైల్లో చెప్పిన లెక్కంతా బల్ల గుద్ది మళ్లీ చెప్పాడు. ఒక్కడే రాసిన పరీక్ష దగ్గర జనం నవ్వారు. మా నాయన మూడు రౌండ్లు రాగానే తలలు వెనక్కి తిరిగాయి. నేను వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను.

“బాక్సర్ గారి భార్య ఇక్కడే ఉండారు. ఆమెనే అడుగుదాం,” అన్నాడు లెక్చరర్. “అమ్మా, ఆ ఒక్క మనిషిని మీ ఆయన ఎందుకు పడేయలేకపోయినాడు? ఇంట్లో ఎప్పుడన్నా చెప్పినాడా?”

ఆంటీ వెనక్కి తిరిగి మా వైపు ఒకసారి చూసింది.

“బాక్సింగ్ మాటలు ఇంట్లో చెప్పేటోడు కాదప్పా. నాకేమీ తెలీదు,” అంది.

నాకు ఒళ్లు మండింది. ఇదేం ఆడమనిషి? మొగుడి పేరు నలుగురిలో నలిగిపోతుంటే, మా ఆయన గొప్పోడు అని ఒక్క మాట అనడానికి నోరు రాలేదా? ఆ స్థానంలో నేనుంటే లెక్చరర్ని చీల్చి చెండాడి ఉండేదాన్ని. మా ఆయన అందుకు తగ్గ పని ఒక్కటీ చేసినవాడు కాకపోయినా సరే.

ఇక రాజీ మొదలైంది. ‘సాటిలేని’ వద్దు, ‘మిడిల్ వెయిట్‌లో పేరున్న బాక్సర్లలో ఒకరు’ అని పెడదామన్నాడు లెక్చరర్. అక్షరాలు ఎక్కువైతాయని అధ్యక్షుడు గునిశాడు. ‘మంచి బాక్సర్’ అంటే తక్కువలో పోతుందని ఎవరో సలహా ఇచ్చారు. అందరికీ నచ్చింది. ‘మంచి బాక్సర్’ ఖాయం చేద్దామా అని అధ్యక్షుడు అడుగుతుండగా మా నాయన లేచి నిలబడ్డాడు.

“స్వల్ప ఆగండప్పా. నేనొక మాట చెప్పల్ల.”

హాలు సద్దుమణిగింది. మూడు రౌండ్లాయన నోరు తెరవడం అక్కడ ఎవరూ చూసి ఎరగరు. మా ఆయన అప్పుడే చప్పట్లు కొట్టబోతే నేను చేయి పట్టుకుని ఆపాను.

“ఆ ఏడు మా షాఫ్టులో మిడిల్ వెయిట్ మనిషి లేడు. మనిషి లేకుంటే వాకోవర్ ఇయ్యల్ల, ఆడకుండానే ఓడినట్టు. వాకోవర్ ఇచ్చేదానికన్నా సచ్చేది మేలనుకునేటోళ్లు మావోళ్లు. నన్ను పట్టినారు. ఆ తూకానికి నేను మూడు కిలోలో ఏమో తక్కువ. క్యాసంబళ్ళి నుంచి మా నాయన, ఈ పిల్ల తాత, వచ్చినాడు, రాగిపిండి ఎత్తుకొని. పొద్దున్నే ముద్ద మీద ముద్ద పెట్టినాడు. మీద చెంబు మీద చెంబు నీళ్లు. అదీ చాలక నడుము తువ్వాల్లో రైలుకట్ట మీది రాళ్లు కట్టినారు. తూకంలో పాసయినా.”

జనం నవ్వారు. నేనూ నవ్వాను. ఇంత కష్టంలోనూ నిలబడ్డాడన్నమాట మా నాయన, అనుకున్నాను.

“పాసయినంక కక్కేసుంటే సరిపోయుండు. మా నాయన ఒప్పుకోలేదు. ఆయన పట్టుగూళ్ల మనిషి. మార్కెట్లో గూళ్లు ఒకసారి తూస్తారు, కొన్నోడు ఎత్తుకపోయేటప్పుడు ఇంగోసారి తూస్తారు. తరుగు వచ్చిందంటే గలాట. రింగు కాడ కూడా మళ్లా తూస్తారని ఆయన అనుకున్నాడు. సాయంత్రం దాకా నన్ను బయలుకు పోనీలేదు. తరుగు పోతుందని మధ్యాన్నం ఇంకా రెండు ముద్దలు పెట్టినాడు.”

హాలు గొల్లుమంది. అధ్యక్షుడు కళ్లు తుడుచుకున్నాడు. మా నాయన నవ్వలేదు. నవ్వులు ఆగేదాకా ఉండి మళ్లీ మొదలుపెట్టాడు.

“గంట కొట్టినారు. మొదటి దెబ్బ కడుపులో పడింది. కండ్లు తిరిగినాయి, ముద్దలన్నీ గొంతులోకి వచ్చేసినాయి. పడిపోకుండా ఆయన్నే పట్టుకున్నా. ఆయనకు తెలిసిపోయింది. నా చెవి కాడ ‘ఏం తిన్నావురా?’ అన్నాడు. ‘ముద్దలన్నా’ అన్నా. అంతే. ఇంగ కడుపు మీద ఒక్క దెబ్బ ఎయ్యలేదు. గ్లౌజుల మీద కొట్టినాడు, భుజాల మీద కొట్టినాడు. సద్దు మాత్రం హాలంతా వినిపించేది. నేను తూలితే చాలు, వచ్చి పట్టుకునేవాడు. రెఫరీ ఇడిపించేది, ఆయన మళ్లా వచ్చి పట్టేది. మావోళ్లు షాఫ్టు పేరు చెప్పి అరుస్తా ఉండారు. మూడు రౌండ్లూ అట్లనే. నేను నిలబడలేదప్పా. ఆయన నిలబెట్టినాడు.”

ఎవరో నవ్వబోయి ఆపేశారు.

“ఎవురికీ అనుమానం రాకుండా, అంత బలం ఉండి కూడా అంత మెత్తగా కొట్టేది నేను ఇంగెవురి కాడా చూడలేదు. నన్ను చూసి ఆయన్ని తగ్గించొద్దండి.”

నాకు తల కొట్టేసినట్టయింది. నా పెళ్లి, నా ఉద్యోగం, ముళబాగిలు మామ కలిపిన చేయి, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. అవన్నీ రాగిముద్దల మీద నడిచాయా? ఎన్నిసార్లు ఎంతమంది ముందు లేచి ఆ ఎడమ చేయి చూపించానో! ఆ చేయి అసలు లేనేలేదు. మా నాయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఇన్నేళ్లు దాచినవాడు ఇంకొన్నాళ్లు దాస్తే ఏం పోయేది? అడిగిందెవరు ఈయన్ని?

లెక్చరర్ అప్పటికే తేరుకున్నాడు.

“అట్లయితే అది ఫిక్సింగ్! ఆ పోటీని లెక్కలో నుంచి తీసేయల్ల. నిజంగా కొట్లాడకుండా కొట్లాడినట్టు చేసినోడికి వీరుడని ఎట్ల రాసేది?”

“ఏమన్నా రాయండి సార్, ముద్దల మాట మాత్రం రాయి మీదికి రాగూడదు,” అన్నాడు అధ్యక్షుడు కంగారుగా.

వెనక నుంచి ఎవరో “ముద్దలాయన” అన్నారు. ఈసారి నవ్వు ఆగలేదు. మూడు రౌండ్లాయన మా కళ్ల ముందే ముద్దలాయన అయిపోయాడు. ఆ నవ్వుల మధ్య మా నాయన చేతులు వేలాడేసి నిలబడే ఉన్నాడు, గంజి పెట్టిన చొక్కాలో. చేయి పట్టి బయటికి లాక్కుపోదామని నేను లేచాను. అంతలో ముందు వరుసలోంచి ఆంటీ లేచింది. శాలువా జారి కింద పడినా చూసుకోలేదు.

“ఎందుకు చెప్పినావన్నా?” అంది మా నాయనతో. గొంతులో కోపం ఉంది. “ఆ పొద్దు ఇంటికొస్తానే నాకు చెప్పినాడు ఆయన. ‘ఈ మాట మన గడప దాటగూడదు. ఆ పిల్లోడు ఈ ఊర్లోనే తలెత్తుకొని బతకల్ల’ అన్నాడు. పోయేముందు ఆస్పత్రిలో కూడా అదే మాట అడిగినాడు, ఎవురికీ చెప్పలేదు గదా అని. ఇన్నేండ్లు మేము కాపాడింది నువ్వే వచ్చి ఇట్ల పారేస్తివే!”

హాల్లో నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. లెక్చరర్ మాత్రం ఊరుకోలేదు.

“అంటే మీకు తెలుసా? ఇందాక నేను అడిగితే తెలీదంటిరే! మీ ఆయన పేరే గదమ్మా పోతా ఉండింది?”

ఆంటీ ఆయన వైపు తిరిగింది.

“చెప్పుంటే ఈ అన్న పడిపోతాడు గదప్పా. ఆయన పడేయలేదు. నేనెట్ల పడేసేది?”

అంతదాకా నిలబడే ఉన్న మా నాయన అప్పుడు కూర్చున్నాడు. నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు. ఆంటీని ఇందాక మనసులో అన్న మాటలు తలుచుకుంటే సిగ్గేసింది. నా కోపం ఎటు పోయిందో తెలీదు.

అధ్యక్షుడు చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. తర్వాత, ‘సాటిలేని’ ఉండాలనేవాళ్లు చేతులెత్తండి అన్నాడు. అందరికంటే ముందు లేచిన చేయి నాది.